నుంబి దగ్గు

లుబుంబాషిలో కరెంటు పోయిన సాయంత్రం
నుంబి నా బేస్ గిటార్ పొట్ట చెక్కాడు.
"పాత పికప్ తియ్యకు."
"తియ్యను. అది మీ నాన్నలా గొణుగుతుంది, ఉండనీ.
బ్రిడ్జి పక్కన కసురుకునేదొకటి పెడతా."

వెంట్రుక కంటే సన్నం, రాగితీగ.
ఎనిమిది వేల చుట్లు లెక్కపెడుతూ
ఎక్కడో దగ్గాడు. లెక్క తప్పింది.
మళ్లీ మొదలెట్టలేదు.

ఈ మట్టి రాగే.
నాన్న గనిలోంచి తవ్వి పైకి పంపితే
ఓడలెక్కి ఊళ్లు తిరిగి
తీగై వచ్చింది, మాకే అమ్ముడుపోవడానికి.

బొగ్గుల మీద కాల్చిన ఇనుముతో టంకం.

అర్ధరాత్రి కరెంటొచ్చింది.
పాతదీ కొత్తదీ కలిపి మీటితే
సందులో మేకలు లేచి నిలబడ్డాయి.
లోపలెక్కడో చిన్న బొంగురు.

"అది నా దగ్గు" అన్నాడు నుంబి,
"దానికి డబ్బులొద్దులే."