గువ్వలచెరువు ఘాటు: కొత్తగా ఎక్కేవాళ్ళకు

నాలుగున్నరకే రా. ఐదన్నావంటే ఎండ మనకంటే ముందు ఎక్కేస్తుంది.
రోహిణి కార్తెలో వద్దు, ఆరుద్ర పోనీ,
నాలుగు చినుకులు పడి తారు చల్లబడినాక రా.
రెండు సీసాల నీళ్ళు, గుప్పెడు వేయించిన చెనిగ్గింజలు,
ఒక ట్యూబు. అంతే.
ఎక్కేటప్పుడు జేబులో అగ్గిపెట్టె కూడా బరువే.

చింతకొమ్మదిన్నె దాకా మాట్లాడుకో.
నీ ఉద్యోగం, మీ అత్తగారి మోకాలి ఆపరేషన్,
సైకిల్‌కు ఎంత పెట్టినావో, ఇంట్లో ఎంతని చెప్పినావో,
అన్నీ అప్పుడే చెప్పెయ్.
పాలకొండలు దూరానికి కొండల్లా ఉండవు,
ఎవరో నీలం దుప్పటి ఆరేసి మరిచిపోయినట్టుంటాయి.
దగ్గరికి పోయేకొద్దీ ఆ దుప్పటి లేచి నిలబడుతుంది.
మాటలు ఆడనే ఆగిపోతాయి.

మొదటి మలుపు మోసం. అందరూ అక్కడే ఊపు చూపిస్తారు.
నేనూ చూపించినా, యాభై రెండేళ్ళ వయసులో,
ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్ళు ఈల ఊదిన ఊపిరి కదా అని.
రెండో మలుపులో ఆ ఊపిరి
నువ్వెవరని నన్నే అడిగింది.

చిన్న గేరు వెయ్యి. సిగ్గుపడొద్దు.
లారీ ఒకటి వస్తుంది, సిమెంటు మోసుకొని,
నీలాగే రొప్పుతా, నీకంటే ఒక మూర ముందు.
వెనకాల గొలుసు వేలాడుతుంటుంది.
పట్టుకోవద్దు.
మా హుసేన్ పీరా ఒకసారి పట్టుకున్నాడు.
పైకి పోయి కోవా ముట్టకుండా కూర్చున్నాడు.
ఏమిరా అంటే, "కొండకు బాకీ పడినానక్కా" అని
మళ్ళీ కిందికి దిగి, మళ్ళీ ఎక్కొచ్చినాడు.
మేం రెండు గంటలు కాచుకున్నాం. బాగా తిట్టినాం.

మూడోదాన్ని మేం బిందెల మలుపు అంటాం.
మ్యాపులో వెతకొద్దు.
ఓబులేసని, కడప నుంచి రాయచోటి పల్లెలకు
సైకిల్ మీద స్టీలు సామాన్లు అమ్మేవాడు.
హ్యాండిలుకు గిన్నెలు, వెనక ఆరు బిందెలు.
ఎక్కలేదు ఆయన. తోసినాడు. ఇరవై రెండేళ్ళు.
పాత చీరలకు, తలవెంట్రుకలకు గిన్నెలిచ్చి
బరువు దించి బరువు ఎత్తుకొని తిరిగొచ్చేవాడు.
ఒక పొద్దు ఇక్కడే తాడు తెగింది.
లోయలోకి దిగి ఐదు తెచ్చుకున్నాడంట.
ఆరోది ఇప్పటికీ మోగుతుందని కొత్తోళ్ళకు చెప్తుంటాం,
కోతులు రాళ్ళు దొర్లించే చప్పుడు అది.

ఇప్పుడు రాయచోటి గేటు దగ్గర పంచర్లేస్తాడు.
నా సైకిల్‌ను రెండు వేళ్ళతో లేపి చూసి
"దీనిమీద ఏం అమ్ముతావమ్మా?" అన్నాడు.
ఎగతాళి కాదు. నిజంగానే అడిగినాడు.
ఏం చెప్పాలో తెలీక పది రూపాయలు ఎక్కువిచ్చినా.
చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టినాడు.

పైన ఊరొచ్చేముందు కట్టెపొయ్యి పొగ వస్తుంది,
కాగే పాల వాసన దాని వెనకాలే.
కాళ్ళకు ముందు ముక్కు చేరుతుంది.
పెదవుల మీది ఉప్పు తుడుచుకోవద్దు,
కోవా ఆ ఉప్పుతోనే తినాలి.
కింద కడపలో కొనుక్కొని చూసినా, అదే కోవా,
అదే అంగడి పేరు, ఆ రుచి రాలేదు.

ఇంక దిగడం. దాని గురించి ఎవరూ చెప్పరు.
గంటన్నర సంపాదన పద్నాలుగు నిమిషాల్లో ఖర్చు.
రెండు బ్రేకులూ కలిపి పట్టు, కొంచెం కొంచెంగా,
పాలు పితికినట్టు.
సీతాఫలం చెట్లు చూడాలనిపిస్తే ఎక్కేటప్పుడే చూసుకోవాల్సింది.
ఎదురుగా ఎవరైనా ఎక్కుతుంటే చెయ్యెత్తొద్దు,
తలూపు చాలు. వాళ్ళూ అంతకంటే ఊపలేరు.

నాకు దిగడమంటే ఇప్పటికీ భయం.
పీరాకు తెలుసు, అందుకే వెనక ఉంటాడు,
ఏదో పాట గొణుగుతా, నా బ్రేకుల శబ్దం విననట్టు.

ఆదివారం. నాలుగున్నర.
ముప్పై ఐదు దాకా చూస్తా.