యాభై రెండో పత్తా

మిర్యాలగూడ, రైసుమిల్లు ఎనక రూము.
చాప మీద పత్తాలు బోర్ల పడ్డయి,
ఎవని చేతిలయో ఎవనికీ యాదికి లేదు.

నేను చాయ్ ఇయ్యనీకి వొచ్చిన.
"ముత్తిలింగం, పంచ్‌గ నువ్వే" అన్నడు రైటరు.
ఈ ఏడు ఇది నాలుగో సంతకం.

పైసలు రెండుసార్లు లెక్కవెట్టిండ్రు:
మొదటిసారి నోటితోని,
రెండోసారి కాయిదం మీద.
నడుమ ఎంత జారిందో చెప్పలేను,
నా లెక్కలు ఆరో తరగతిలనే ఆగినయి.

పత్తాలు మాత్రం పక్కాగ రాసిండ్రు. యాభై ఒకటి.
ఒకటి తక్కువైందని ఎస్సై చాప దులిపిండు,
జేబులు, చెప్పులు, ఊక బస్తాల సందులు.
చట్టం మస్తు గట్టిది.

ఇంటికొచ్చి ట్రే కడుగుతుంటే
అడుగున తడిసి అంటుకొని
ఇస్పేటు రాణి.

చక్కెర డబ్బా కింద పెట్టిన.
రేపు అడిగితే ఇస్త.
పైసలెన్నని అడిగితే గూడ
చెప్త.

అడగరు.