ఉప్పు సూది

ఈసారి వంతు నాది.
పంచాయతీ ఆఫీసులో చేతికిచ్చారు,
నీలం సంచి, రక్తపోటు చూసే పట్టీ,
పెన్నంత పొడుగున ఉప్పు కొలిచే సూది.
రెండేళ్ళపాటు నలభై వంటగదులు
నా పూచీ.

మొదటి ఇల్లు మాదే.
అత్త తొమి పొయ్యి వైపు తిరిగి నిలబడింది,
వీపే గోడగా.
మిసో చారులో సూది ముంచాను.
ఒకటీ పాయింటు తొమ్మిది.
"చారుకి కూడా మార్కులు వేస్తారా ఇప్పుడు?"

నవ్వలేకపోయాను.
ఈ నగానో కొండల్లో నాలుగు నెలలు మంచు.
పచ్చని ఆకు కనిపించని ఆ నాలుగు నెలలకీ
నొజావనా ఆకును తొట్టెలో
ఉప్పులో తొక్కి, పైన రాళ్ళు పెట్టి దాస్తారు.
ఇక్కడ ఉప్పంటే రుచి కాదు,
చలికాలం దాటించే తెప్ప.
తెప్పకి చిల్లు పెట్టడానికి
నిన్నగాక మొన్న వచ్చిన కోడలినా నేను?

మామగారు ఓ జనవరి తెల్లవారుజామున
వెచ్చని పరుపులోంచి లేచి
గడ్డకట్టిన నడవా దాటి
మరుగుదొడ్డి తలుపు దాకా వెళ్ళారు.
తలుపు తియ్యలేదు.
యాభై ఎనిమిది.
ఆయన అన్నయ్యా అంతే, ఎదురింటి అకహనె గారూ అంతే.
మా ఊళ్ళో అలా పడిపోతే
"తగిలింది" అంటారు,
ఏదో గాలి తగిలినట్టు.
గాలి కాదు. గిన్నె.
రోజుకి మూడుసార్లు గిన్నె.

చారులో నీళ్ళు కలిపాను.
మొదటి గుక్కకే పట్టేసింది అత్త:
"ఇది చారా, గిన్నె కడిగిన నీళ్ళా?"
ఆ నెల ఓడిపోయాను.

పదిహేడో ఇంట్లో ముసలాయన
"ఎనభై మూడేళ్ళ నుంచీ తింటున్నాను,
నీ సూదికి ఎన్నేళ్ళు?" అన్నాడు.
టీ పోశాడు, పక్కన ఊరగాయ పెట్టాడు.
తిన్నాను.
తినకపోతే ఆ గడప మళ్ళీ తొక్కలేను.
ఆ రాత్రి నా రక్తపోటు మాత్రం
చూసుకోలేదు.

తర్వాత ముక్కలు పెంచాను.
ముల్లంగి, కారెట్, బంగాళదుంప, పుట్టగొడుగులు
గిన్నె అంచు దాకా.
చారుకి చోటే మిగల్లేదు.
ఎండుచేప ఇంకో గుప్పెడు రాత్రే నానేశాను.
సోయా సీసా బల్ల మీంచి తీసేసి
చిన్న సాసర్లో పోసి పెట్టాను.
ఒంపుకోవడం వేరు, అద్దుకోవడం వేరు.
నడవాలో కిరసనాయిలు హీటరు.
మా ఆయన మొరిహిరో బిల్లు చూసి నోరు తెరిచాడు,
నాన్న ఫోటో చూసి మూసుకున్నాడు.

నవంబరులో ఆకు కోతకొచ్చింది.
తొట్టె ముందు అత్త, ఉప్పు బస్తా ముందు నేను.
ఎంత అని అడగలేదు తను, చెప్పలేదు నేను.
గుప్పెడు తీసింది. ఆగింది.
వేళ్ళు సడలించి సగం బస్తాలోకే వదిలేసింది.
"తొందరగా పులుస్తుంది," అంది
నాతో కాదు, రాయితో.
"ఫిబ్రవరికల్లా తినెయ్యాలి. తినేద్దాం.
కొట్లో పాలకూర వస్తోందిగా."

మా చిన్నది చిహారు
బళ్ళో పెట్టిన చారు ఉప్పగా ఉందని
ఓ రోజు మూతి ముడుచుకుని వచ్చింది.
ఆ మాట నా కాయితాల్లో
రాసే గడి లేదు.

రెండేళ్ళు నిండాయి. సంచి అప్పగించాను.
వంతు మినోవా గారి కోడలికి వచ్చింది.
బెరుకు బెరుగ్గా మా వంటింట్లో అడుగు పెట్టి
సంచిలోంచి సూది తీసింది.
"ఆగు," అంది అత్త.
గరిటె ఎత్తి, నాలిక చివర ఒక్క చుక్క,
కళ్ళు మూసుకుంది.
"ఒకటీ పాయింటు ఒకటి. ఇప్పుడు ముంచు."

ముంచింది.
ఒకటి, అంతే. పాయింటు పక్కన సున్నా.

అత్త ఆ అంకెను చాలాసేపు చూసింది.
"మీ సూది బాగు చేయించండి," అంది.