ఇత్తడి పలక రెండో ముఖం

అవిశ్వాసం నెగ్గిందని రేడియో చెప్పకముందే
నాకు తెలిసిపోయేది.
అసెంబ్లీ బంట్రోతు వైమీతి
మా కొట్టు ముందు స్కూటర్ ఇంజను ఆపకుండానే
"తిహోతీ, పదమూడు" అనేవాడు.
ఎంతమంది మంత్రులని కాదు,
ఎన్ని తలుపులని.

పపీతెలో నా పని పేర్లు చెక్కడం.
పడవలకి, సమాధులకి, పళ్ల డాక్టర్లకి.
ఆ ఏళ్లలో మాత్రం
మా కడుపు నింపినవి ప్రభుత్వాలు.
నిలబడి కాదు, పడిపోయి.

ఇత్తడి మా దీవిలో దొరకదు,
ఆక్లండ్ నుంచి ఓడెక్కి రావాలి.
రెండోసారి పడ్డప్పుడే పొదుపు నేర్చుకున్నాను:
పలక విప్పు, తిరగెయ్యి, వీపున కొత్త పేరు చెక్కు.
తేతువానుయి వీపున పునువా.
ఆగస్టులో ఒకాయన, క్రిస్మస్‌కి ఇంకొకాయన,
ఈస్టర్ రాకముందే మళ్లీ మొదటాయన.
అప్పుడిక చెక్కే పనీ లేదు, తిప్పితే చాలు.
బిల్లు మాత్రం పూర్తిగానే రాసేవాణ్ణి.
సిగ్గుపడాల్సింది నేనొక్కణ్ణేనా?

ఒక్క ఓటు తేడా.
ఆ ఒక్కటీ తూర్పు చివరి పగడపు దీవి ముసలాయనది.
అక్కడ మూడొందల మంది, ఒక చర్చి, వాననీటి తొట్లు,
నెలకోసారి ఎండు కొబ్బరి ఓడ.
ఊరంతా ఆయన్ని గోడమీద పిల్లి అంది.
మా కొట్లో స్టూలు మీద కూర్చుని
చెప్పులు విప్పి, పాదాలు నిమురుకుంటూ అన్నాడు:
"వీళ్లు విమానం దిగే నేల ఇస్తామన్నారు.
వాళ్లు నేలతో పాటు దీపాలు కూడా ఇస్తామన్నారు.
మా కోడలు నొప్పులు పడుతూ పడవలోనే పోయింది, తిహోతీ.
నేను ఏ గోడ మీద కూర్చోవాలో నువ్వు చెప్పు."
చెప్పలేదు.
పొడుగు రొట్టె సగం తుంచి ఇచ్చాను.

రోడ్డవతల హైకమిషనర్ కచేరీ.
ఆ గుమ్మం పలక మీద పేరుండదు, హోదా ఒక్కటే.
మనుషులు మారినా పలక మారదు.
ఉప్పుగాలికి మసకబారిందని ఒకసారి పిలిచారు.
మరలు చూశాను,
నా దగ్గరున్న ఏ మరతిప్పూ వాటికి పట్టదు.
పలకతో పాటే పారిస్ నుంచి దిగాయట.
కాపలా కుర్రాడు నవ్వాడు:
"అది విప్పడానికి కాదు తాతా, మెరవడానికి."
మెరిపించాను.
అందులో నా ముఖం కనిపించింది,
కాస్త పసుపుగా, కాస్త వంకరగా.

మా అన్న తౌతు మొరురోవాలో పదకొండేళ్లు
పంపులు కడిగాడు.
మంచి జీతం. మా ఇంట్లో మొదటి ఫ్రిజ్ ఆయన కొన్నదే.
అక్కడి చేపలు తినొద్దన్నారు.
చేపలు తినకుండా బతకడం ఎలాగో చెప్పలేదు.
గొంతులో గడ్డ లేచాక దరఖాస్తు పెట్టాడు.
ఆ ఫైలు ఆరోగ్యశాఖ తలుపు దాకా వెళ్లినప్పుడల్లా
తలుపు మీద పేరు మారేది.
కొత్తాయన: "ముందున్నవాళ్లని అడగండి."
ముందాయన: "మళ్లీ వచ్చాక చూద్దాం."
మళ్లీ వచ్చాడు కూడా.
అప్పటికి తౌతు లేడు.
చివరికి జవాబు రోడ్డవతలి నుంచి వచ్చింది,
ఫ్రెంచిలో, ఎంతో మర్యాదగా:
మోతాదు సరిపోలేదని.

ఆఖరిసారి ప్రభుత్వం పడ్డనాడు
ఆరోగ్యశాఖ పలకకి రెండు ముఖాలూ నిండిపోయి ఉన్నాయి.
కొత్త ఇత్తడి కోశాను.
మంత్రిగారి పేరు, ఇంత అందంగా ఎప్పుడూ చెక్కలేదు.
ఆ రాత్రి తౌతు కూతురు హెరెనూయి దీపం పట్టుకుంటే
పలక వీపున చెక్కాను:
వాళ్ల నాన్న పేరు, ఫైలు నంబరు,
సభలో పలికితే లెక్కలోకి రాని మా భాషలో
ఒక్క మాట.
పొద్దున్నే వెళ్లి తలుపుకి బిగించాను.
నాలుగు మరలు. నా మరతిప్పుడుకి లొంగే మరలే.

ఆ మంత్రి ఇంకా ఆ గదిలోనే ఉన్నాడు.
నిలకడ వచ్చిందంటున్నారు,
మాటలో బేరాలు తగ్గాయంటున్నారు,
పడవల బోర్డులతోనే సరిపెట్టుకుంటున్నాను.
దేశానికి మంచిదే, కాదనను.

సాయంత్రం కొట్టు మూసేముందు మాత్రం
రేడియో కట్టేసి
కాసేపు వింటాను,
స్కూటర్ చప్పుడు కోసం.