నిన్న ఏం తిన్నరు

పొద్దున లేసినకాడ్నుంచి
రాత్రి పండుకునేదాక ఏమేం తిన్నరు?
ఇది అడుగుడే నా కొలువు.
చేతిల ట్యాబు, సంచిల మూడు సైజుల గిన్నెలు,
ఒక గంటె, ఒక చాయ్ గ్లాసు.
జవాబు నొక్కంగనే
బువ్వ పొగైతది, పొగ అంకైతది.
భూమి కాగుట్ల ఎవరి పళ్లెం వాటా ఎంతో
సాయంత్రానికి రంగుల్ల తేలుతది.

హాలియాల ఎడమ కాలువ కింద పాపిరెడ్డి,
మూడు పూటల సన్నన్నం, గడ్డపెరుగు,
ఐతారం అర కిలో మేకకూర.
"మా పొలంల పొగెక్కడిది బిడ్డా,
నీళ్లేనాయె" అన్నడు.
వెనక నిలవ మడిల
బురద ఒక్కొక్క బుడగ ఇడుస్తున్నది.

కొండమల్లేపల్లి దాటినంక తండ.
జాంప్లీ రోట్ల తొక్కు నూరుతున్నది.
"నిన్ననా? బాటీ. మొన్ననా? బాటీ.
రేపటిది గూడ రాసుకో,
మళ్ల ఎండల వస్తవెందుకు?"
ఆమె గీత అగ్గిపుల్లంత లేసింది,
పచ్చరంగు,
శభాష్ అని వీపు తట్టినట్టు.
కడప మీద కూసున్న ఆమె బిడ్డ
గోర్లు సున్నం లెక్క తెల్లగున్నయి.
గోర్లకు గడి లేదు.

దేవరకొండల ఖిల్లా కింద
షమీమ్ బేగం గొంతు తగ్గించింది.
"పెద్దకూర అనే రాస్తవా?
ఎవరెవరు చూస్తరది?"
పేరు రాయనన్న, నంబరే ఉంటదన్న.
నా మాట నాకే సన్నగ ఇనవడ్డది.
పావుకిలో. తొమ్మిది మంది. రెండు పూటలు షోర్వ.
"నాకు ముక్క రాలే,
రొట్టె అద్దుకున్న" అన్నది.
ట్యాబు ఇనలే.
తొమ్మిదిట్ల సమంగ పంచి
ఆమె తినని వంతు
ఆమె నంబరు మీదనే ఎర్రగ రాసింది.

బస్సు కోసం నిలవడ్డకాడ ఫంక్షన్ హాలు.
రాత్రి దావత్ బిర్యానీ
డ్రమ్ములకు డ్రమ్ములు మోరీల గుమ్మరిస్తున్నరు.
పారవోసింది ఎవరు తిన్నట్టు?
మా సారుకు ఫోన్ చేస్తే
"అది నీ ఇండ్ల లిస్టుల లేదు గదమ్మా."
లేదు.

చందంపేట దిక్కు ఆఖరి ఇల్లు. తాళం.
"పుణె పోయిండ్రు, సెంట్రింగ్ పనికి.
ఏం తింటున్నరో ఆడికే పోయి అడుగు"
పక్కింటి ముసలామె పోయిల ఊదుకుంట అన్నది.
తాళం అని నొక్కిన.
సున్న పడ్డది.
ఇయ్యాల తిరిగిన ఇండ్లల్ల
అన్నిటికన్న తక్కువ పొగ దీనిదే.

తలుపు సందులకెల్లి చీమలు
వరుసగ ఏందో మోసుకపోతున్నయి.
నూకనా, జొన్న తునకనా,
వంగి శానసేపు సూసిన.
తెల్వలే.
సంచిల గిన్నెలు గలగలమన్నయి.