ముక్కుసూటి

రెజ్జియో రేవులో పడవెక్కి
జలసంధి దాటి మెస్సీనా వచ్చాడు
దెమేత్రియో కుజ్జోక్రేయా,
డెబ్బై తొమ్మిదేళ్ల ముక్కుతో.
కోటు లోపలి జేబులో, ఊలు మేజోడులో చుట్టిన
బొటనవేలంత సీసా.
మూత మీది మైనంలో గీరిన ఏడాది:
పందొమ్మిది వందల అరవై ఎనిమిది.

"కాల్చకమ్మా, వాసన చూస్తే చాలు" అన్నాడు.
నాకు జీతమిచ్చేది కాల్చడానికే అన్నాను.

నలభై ఏళ్లు బెర్గమోట్ నూనె తూకం దగ్గర కూర్చున్న మనిషి.
కాగితపు పట్టీ ముంచి, విదిలించి,
ముక్కు కింద ఒక్కసారి ఆడించి
అవును, లేదా కాదు.
ఆ కాదుకి అప్పీలు లేదు.
రాగి బిందెలు వచ్చిన బండిలోనే కొండెక్కేవి.
ముక్కుసూటి మనిషంటే, అక్షరాలా, ఇతనే.
రోజూ పొద్దున్నే ఈ సీసా మూత తీసి పీల్చేవాడట,
శ్రుతిపెట్టె దగ్గర గొంతు సరిచూసుకునే గాయకుడిలా.

నా యంత్రానికి ముక్కు లేదు.
వెంట్రుకలాంటి గొట్టంలో నూనెను నడిపించి
వాసనను వాసనగా విడదీస్తుంది.
లిమొనీన్ ముందు, లినలూల్ వెనక,
లినలైల్ ఎసిటేట్ ఇంకా వెనక.
వచ్చినదాన్ని వచ్చినట్టే కొలిమిలోకి తోస్తుంది.
పువ్వూ తొక్కా ఎండా
అన్నీ కాలి ఒకటే బొగ్గుపులుసు వాయువు.
అయస్కాంతం పక్కన ఆ వాయువు వంగుతుంది:
తేలిక కర్బనం బాగా,
బరువు కర్బనం కాస్త తక్కువగా, నిటారుగా.
ఆ రెంటి లెక్కలోనే ఉంటుంది పుట్టుక.

ఎంత చెట్టుకు అంత గాలి.
ఇక్కడది సామెత కాదు, ఖాతా పుస్తకం.
చెట్టు తాగిన గాలి లెక్క దాని నూనెలో పడి ఉంటుంది.
నేల కింద నిద్రపోయిన చమురుతో
ఫ్యాక్టరీలో వండిన సుగంధానికి లెక్క వేరు.
వాసన మాత్రం ఒకటే.

మూడున్నరకి శిఖరాలు లేచాయి.
లిమొనీన్ తన చోట నిలబడింది.
లినలైల్ ఎసిటేట్ గీత దిగి పోయింది.
సూది మార్చి మళ్లీ నడిపాను.
మళ్లీ.
కొంత చెట్టుది, కొంత పీపాది.

చెప్పాను.
అతను కిటికీలోంచి ఆవలి ఒడ్డు చూశాడు.
"మా మేస్త్రీ ఇచ్చాడు దీన్ని.
అతనికి తెలుసో లేదో."
కాసేపాగి,
"అస్సుంత పెల్లికనో" అన్నాడు.
"పల్చగా ఉందని మూడేళ్లు వరసగా తిప్పి పంపాను.
నాలుగో ఏడు తోట కొట్టించేసింది.
మా ఆవిడ ఆ పుల్లలే పొయ్యిలో పెట్టింది.
ఇల్లంతా ఘుమఘుమ."

తర్వాత అడిగాడు,
"మరి నీ యంత్రం దేన్ని చూసి సరిచూసుకుంటుంది?"

రాయిని, అన్నాను.
ఎప్పటిదో కడలి జీవి, సున్నమై గట్టిపడితే
దాన్నే సున్నా అనుకున్నాం.
ఆ రాయి అయిపోయి చాలా కాలమైంది.
దాన్ని చూసిన రాయిని చూసిన రాయితో
ఇప్పుడు కొలుస్తున్నాం.

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు.

అలమరలోంచి ఈ ఏటి నూనె తీశాను,
లెక్కలన్నీ కుదిరిన నూనె.
పట్టీ ముంచి ఇచ్చాను.
కళ్లు మూసుకుని, విదిలించి, ఆడించి
పెదవులు కాదు అనబోయాయి.

ఆగాడు.

పడవ కూత వేసింది.
మేజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఖాళీది.
మెట్లు దిగుతూ
పట్టీని ముక్కు దగ్గరికి తీసుకుని, దించి,
మళ్లీ తీసుకున్నాడు,
కొత్త భాషలో మొదటి మాట నేర్చుకునేవాడిలా
నెమ్మదిగా.