తువ్వాల కింద

ఆదోని మార్కెట్ యార్డులో
రోజూ మధ్యాన్నం రెండుంబావుకి
టెండరు తెర బిగుసుకుపోతాంది.
పత్తి బోరాల మీద కూర్చున్న రైతులు
తెరను కాదు, నన్ను చూస్తారు.

నాలుగు రోజులు స్విచ్చికి చెవి ఆనించి
పోయే ప్యాకెట్టునీ వచ్చే ప్యాకెట్టునీ పట్టినాను.
నలభై జీబీ.
తెరవబోతే నా ల్యాప్‌టాప్
బరువెక్కువైన ఎద్దు మాదిరి
మోకాళ్ళ మీద కూలబడింది.

"అడ్రసు వారీగా చీల్చు పాపా"
కర్నూలు నుంచి ఫోన్లో మద్దిలేటి సారు.
చీల్చినాను.
పంపినోళ్ళ పేరున ఒక్కో ఫైలు,
నూటా పద్దెనిమిది ముక్కలు.

ఏడో నంబరు కిటికీ ఫైలు తెరిస్తే
ఉండావా? ఉండావా? ఉండావా?
అంతే.
"ఉండా" అన్న మాట
సర్వరు పేరున ఇంకో ఫైల్లో
వేల జవాబుల అడుగున పడుంది.

టీకి బయటికొస్తే
షెడ్డు నీడలో దలారి బడేసాబు,
హొళగుంద ఈరన్న
తువ్వాల కింద చేతులు కలిపి బేరమాడుతున్నారు.
ఒక చూపుడువేలు నొక్కుతాంది
ఒక చిటికెనవేలు వద్దంటాంది.
పైకి గుడ్డ కదలడమే.
ఆ రెండు చేతులకీ చెరో గుడ్డ చుడితే
బేరమెక్కడిది?

గ్లాసు సగంలో వదిలేసి లోపలికి ఉరికినాను.
తువ్వాలకొక ఫైలు.
ముందు ఎవరు మాట్లాడినా సరే
చిన్న అడ్రసు ముందు, పెద్దది వెనక,
వాటి పోర్టులు వాటి వెంటే.
పోయే మాటకీ వచ్చే మాటకీ ఒకటే గుర్తు.

రాత్రి పదకొండు.
జిన్నింగు మిల్లు నూగు కీబోర్డు మీద.
ఏడో కిటికీ తువ్వాల ఎత్తి చూసినాను.
ఉండావా? ఉండా. సరే.
లాటు నంబరు. రేటు.
రెండుంబావుకి, సగం మాటలో
మూడో చెయ్యి.

అదే అడ్రసు, వేరే మిషను.
కాటా గదిలో
గుమాస్తా అన్నం తిని వచ్చాక
రోజుకొకసారి తెరిచే పాత కంప్యూటరు.
దానికి కొత్త అడ్రసు ఇయ్యడానికి
రెండు నిమిషాలు పట్టింది.
దాన్ని పట్టుకోవడానికి ఐదు రోజులు.

ఇంకో ఫైలు మిగిలింది.
నేను చెవి పెట్టకముందే మొదలైన మాటలు.
ఉండావా లేదు, ఉండా లేదు,
నడిమధ్య నుంచి ఒక రేటు
ఎవరో దానికి సరేననడం.
పనికిరాదు, తీసెయ్ అన్నాడు సారు.
"ముందునుంచీ" అని పేరు పెట్టి
దాచుకున్నాను.